పిట్ట తాళం

ఫిబ్రవరి 4

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చింపకుండా తెరిచావంటే అంతే చాలు నాకు. ఫోను వద్దు, ఉత్తరాలు రాసుకోండి అని మధ్యవర్తిగారు చెప్పారు. ఫోనులో మనిద్దరం ఎలా అరుచుకున్నామో ఆవిడకి నేనే చెప్పాను. కాగితం మీద అరవడం కష్టమమ్మా అన్నారావిడ. నిజమే. అరుపు రావడం లేదు, ఏడుపే వస్తోంది.

నీకూ ఆవిడ నుంచి కబురు అంది ఉంటుంది. నవంబరులో పిట్ట పోయినందుకు నువ్వు లిఫ్టుల కంపెనీ మీదా, మీ మరిది మీదా వేసిన కేసుని జడ్జిగారు ముందుగా మధ్యవర్తిత్వానికి పంపారు. కోర్టు వెనక పాత భవనంలో మూడు గదులున్నాయి. ఒకటి నీకు, ఒకటి మాకు, గుండ్రటి బల్ల ఉన్న మధ్యగది అందరికీ. నీకు, మాకు అని విడదీసి రాయడానికే చెయ్యి రావడం లేదు. నీ కొడుకు పిట్ట చదువు మానేసి మా ఇంటికొచ్చి మీ మరిది దగ్గర లిఫ్టు పని నేర్చుకున్న ఇన్నేళ్ళలో, ఇంట్లో ఏది ఎవరిదని ఎప్పుడైనా అనుకున్నామా?

మధ్యవర్తిగారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారట. ఇప్పటికీ ఆ వాటం పోలేదు. ఆవిడదొక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ళు ఏమన్నారో ముందు మనం తిరిగి చెప్పాలి. వాళ్ళు 'అవును, నేనన్నది అదే' అని ఒప్పుకున్నాకే మన మాట మొదలుపెట్టాలి. మా అక్క మొదలుపెడితే ఎదుటివాళ్ళ వంతు మర్నాటికి గానీ రాదండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు.

మీ మరిది ముందే నోట్లో నాలుక లేని మనిషి. నవంబరు నుంచి ఇంట్లో అసలు మాటే లేదు. మా పాప ఏదైనా అడిగితే తలూపుతారు, అంతే. వచ్చే నెల పన్నెండున మొదటి సమావేశం. నువ్వు రావాలి. వస్తే అక్కడ ఆయన నోరు విప్పుతారేమోనని నా ఆశ.

పిట్ట సామాన్లు పార్సిల్ చేశాను. చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాను. పనిసంచిలో ఉన్నవి కూడా తుడిచి అందులోనే సర్దాను. గుమ్మం దగ్గర వాడి చెప్పులు మాత్రం పంపలేదు, పాప తియ్యనివ్వడం లేదు.

నీ చిన్ని


ఫిబ్రవరి 15

చిన్నీ,

పార్సిల్ అందింది. ఉతికి ఇస్త్రీ చేశావు. వాడి వాసన కూడా లేకుండా చేసి పంపావు. మందుల షాపులో పనిచేసి చేసి నీకు శుభ్రం బాగా ఒంటబట్టినట్టుంది. నేను ఆస్పత్రి బట్టలగదిలో రోజంతా దుప్పట్లు కుడతాను. ఎవరెవరు చచ్చిపోయిన దుప్పట్లో అవి, ఉతికాక అన్నీ ఒకటే. నా కొడుకు చొక్కాలు కూడా వాటిలో కలిపేశావు.

అది సరే అనుకున్నాను. తర్వాత సంచి తెరిచాను. పైనే, అందరికీ కనబడేలా, ఎర్ర తాళం. ఒక్క గీత పడని కొత్త తాళం. చెవి దారంతో దానికే కట్టి ఉంది.

ఇది ఏమిటో నాకు తెలియదనుకున్నావా? విచారణ రోజున కంపెనీ ఆఫీసరు ఇలాంటిదే చేత్తో పట్టుకుని నాకు పాఠం చెప్పాడు. లిఫ్టు కింద గోతిలోకి దిగే ప్రతివాడూ ముందు మెయిన్ స్విచ్ దించి దానికి తన తాళం తాను వెయ్యాలట. చెవి జేబులో పెట్టుకోవాలట. ఎంతమంది దిగితే అన్ని తాళాలు. తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. "మీవాడు తాళం వెయ్యడం మర్చిపోయాడమ్మా, అందుకే పైన స్విచ్ వేశారు, లిఫ్టు వాడి మీదకి దిగింది" అని చెప్పి, కంపెనీ కాగితంలోనూ అదే రాసి, నాకు టీ తెప్పించాడు. వాడు కాగితం మీద చెప్పింది నువ్వు వస్తువు పంపి చెప్పావు. చూసుకో, నీ కొడుకు తాళం సంచిలోనే ఉంది, మా ఆయన తప్పేం లేదు అని.

నా కొడుకు మతిమరుపువాడా? నేను ఇంట్లో లేనప్పుడు మూడో తరగతి నుంచి గ్యాసు కట్టేసి, కిటికీలు మూసి, తలుపు తాళం రెండుసార్లు లాగి చూసి బడికెళ్ళినవాడు.

పెద్దమ్మ ఫోను చేసింది. నీ మొగుడు అప్పుడే పనిలో చేరిపోయాడట. నిమ్మకు నీరెత్తినట్టున్నాడట. నాకు డబ్బొద్దు, ఆ మాట మీ వకీలుకి చెప్పు. ఆ రోజు ఏం జరిగిందో అతను తన నోటితో నాకు చెప్పాలి. అందుకే కేసు వేశాను. ఇంకెందుకూ కాదు.

పిట్ట అమ్మ


ఫిబ్రవరి 24

అక్కా,

కింద సంతకం మళ్ళీ మళ్ళీ చదివాను. పిట్ట అమ్మ అని రాశావు, నాకు అక్క లేనట్టు.

ఆ తాళం ఏమిటో నాకు నిజంగా తెలియదు. పెట్టెకి కొనుక్కున్నాడనుకున్నాను. తుడిచి, మెరుస్తోంది కదా అని పైన పెట్టాను. మందుల షాపు కిటికీ దగ్గర కూర్చుని మందులు అమ్మేదాన్ని, నాకు స్విచ్చులూ తాళాలూ ఏం తెలుసు? చొక్కాల సంగతి నిజంగా తప్పే. ఉతుకుతున్నప్పుడు నాకు తోచలేదు. చేతులకి ఏదో ఒక పని కావాలనిపించి ఉతికేశాను.

పెద్దమ్మ సగం చూసి పూర్తిగా చెప్పే మనిషి. ఆయన పనిలో చేరిన మాట నిజమే. కానీ పనిముట్లు దించి, స్టోరుగదిలో కూర్చోబెట్టారు. ఆయన లిఫ్టు ఎక్కడం మానేశారు. మా ఇల్లు అయిదో అంతస్తులో ఉందా, పొద్దునా సాయంత్రం మెట్లే. నీ ఉత్తరంలో తాళం ముక్క చదివి వినిపించాను. తింటున్నవారు చెయ్యి కడుక్కుని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. పాప వెళ్ళి పిలిచినా లేవలేదు.

వకీలు ఆయన్ని నోరెత్తొద్దన్నాడు. మధ్యవర్తిగారు మాత్రం ఆ గదిలో అన్న మాట గది దాటదు, కోర్టులో పనికిరాదు, అందరిచేతా అలా సంతకాలు తీసుకుంటాను అంటున్నారు. కాబట్టి నువ్వు రా. ఆయన చెప్తారు. చెప్పేలా నేను చూస్తాను.

పిట్ట గురించి ఆయన ఎవరితోనూ చెడ్డగా అనలేదు, నన్ను నమ్ము. వాడు మా ఇంటికొచ్చిన రోజు నువ్వు బస్సు కిటికీలోంచి ఏమన్నావో గుర్తుందా? బాబాయి గీసిన గీత దాటకు అన్నావు. వాడు ఒక్కరోజు దాటలేదక్కా. అలాంటి పిల్లాడు.

చిన్ని


మార్చి 3

చిన్నీ,

బాగుంది. మొదట తాళం పంపి తప్పు వాడి మీద పెట్టావు. ఇప్పుడు బస్సు కిటికీ గుర్తుచేసి నా మీద పెట్టావు. ఇంకెవరైనా మిగిలారా? బస్సు డ్రైవరున్నాడు, అతనికీ ఒక ఉత్తరం రాయి.

పన్నెండున వస్తాను. నీకోసం కాదు. మీ ఇంటికి రాను, కాఫీ తాగను, నాతో మాట్లాడాలని వరండాలో కాచుకోకు. పైవాళ్ళకి సెలవు చీటీలో 'కుటుంబ వ్యవహారం' అని రాశాను. బట్టలగదిలో అందరూ పెళ్ళి సంబంధమా అని అడుగుతున్నారు.

పిట్ట అమ్మ


మార్చి 14

అక్కా,

కాచుకోవద్దన్నావు. అయినా వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నన్ను లోపలికి రానివ్వలేదు, కేసులో నా పేరు లేదు కదా. తలుపు కింద సందులోంచి మీ అందరి చెప్పులు కనిపించాయి. నీవి ఇంకా ఆ తోలు చెప్పులే. మీ మరిది కాళ్ళు చాలాసేపు కదిలాయి, తర్వాత కదలడం మానేశాయి. మాటలు వినపడలేదు.

నువ్వు బయటికొచ్చి నా పక్కనుంచి వెళ్ళిపోయావు. చూడలేదో, చూసి వెళ్ళావో తెలియలేదు. ఆయన వచ్చి కూజాలో నీళ్ళు తాగారు. ఏం చెప్పారని అడిగితే, అంతా చెప్పేశాను అన్నారు. నవంబరు తర్వాత నేను విన్న మొదటి పూర్తి మాట అది. ఇంటికొచ్చి పడుకుని పొద్దున దాకా లేవలేదు. నేను ఆయన్ని చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. వకీలు వచ్చి వెళ్ళాడు. గదిలో చెప్పింది గదిలోనే ఉంటుంది కాబట్టి పరవాలేదు, అదే బయట కాగితం మీద పెట్టాడంటే మాత్రం కంపెనీ చేతులు దులుపుకుంటుంది, ఈయన ఒక్కడే జైలుకి పోతాడు అన్నాడు. ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. నాకు చెప్పడం లేదు. నువ్వయినా చెప్పు.

చిన్ని


మార్చి 21

చిన్నీ,

గది మాట గదిలోనే ఉంచుతానని నేనూ సంతకం పెట్టాను. అయినా నీకు రాస్తున్నాను. నా మీద ఇంకో కేసు పెడితే పెట్టుకోమను.

ఒక పక్క మీ ఆయన, అతని వకీలు. ఎదురుగా కంపెనీవాడు, ఫోను చూసుకుంటూ. మధ్యవర్తిగారు నన్ను మొదలుపెట్టమన్నారు. తిట్లన్నీ వరసగా పేర్చుకుని వెళ్ళాను కానీ, అతన్ని చూశాక చిన్న మాటే వచ్చింది. "నా కొడుకు మర్చిపోయే మనిషి కాదు. వాడు తాళం ఎందుకు వెయ్యలేదో నీకు తెలుసు" అన్నాను. పద్ధతి ప్రకారం అతను అది తిరిగి చెప్పాలి. చెప్పాడు. అదేనా మీరన్నది అని ఆవిడ నన్నడిగారు. అదే అన్నాను. వకీలు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను ఆ చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

తర్వాత చెప్పాడు. పనిలో చేరిన వారంలోనే పిట్ట సొంత డబ్బుతో తాళం కొనుక్కొచ్చాడట. ఎర్రది ఏరి తెచ్చుకున్నాడట. మొదటిరోజు అది వేస్తుంటే మీ ఆయన నవ్వాడట. "మనింట్లో ఒక తలుపుకి రెండు తాళాలేంట్రా, నాది ఉంటే నీదీ ఉన్నట్టే కదా అన్నాను వదినా. వాడూ నవ్వి సంచిలో పెట్టేశాడు. మళ్ళీ తియ్యలేదు." పరాయివాడు పక్కనుంటే ఎప్పుడూ రెండు తాళాలు వేయించేవాడినని కూడా చెప్పాడు. మనవాడు కాబట్టి ఒకటే వేశాడట.

ఆ రోజు పని అయిపోయింది. పిట్ట గోతిలోంచి పైకొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకోవడం ఇతను కళ్ళారా చూశాడు. చూసి మెట్లెక్కి పైకి పోయి, తన తాళం తీసి స్విచ్ వేశాడు. ఈలోగా పిట్ట టార్చి కింద మర్చిపోయానని మళ్ళీ దిగాడు. వాడి తాళం ఉండుంటే చెవి వాడి జేబులో ఉండేది, స్విచ్ పైకి లేచేది కాదు. "ఆ టార్చి నేను కొనిచ్చిందే" అన్నాడు. అంతటితో ఆపాడు.

అప్పుడు నా వంతు. అతనన్నది నేను తిరిగి చెప్పాలట. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ళకి పిల్లలు ఉన్నారో లేదో. మొదలుపెట్టాను. వాడూ నవ్వి సంచిలో పెట్టేశాడు అన్న దగ్గర ఆగిపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి టార్చి దాకా వెళ్ళాను. అదేనా మీరన్నది అని ఆవిడ అడిగితే, అదే అన్నాడు మీ ఆయన, నా వైపు చూస్తూ. ఇప్పుడు మీ మాట చెప్పండమ్మా అన్నారు. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చేశాను.

వరండాలో నిన్ను చూశాను. ఆగితే నీ మీద పడి ఏడ్చేదాన్నో, నిన్ను కొట్టేదాన్నో నాకే తెలియక ఆగలేదు. బస్సులో తెలిసింది, నువ్వు బస్సు కిటికీ గురించి రాసింది నన్ను తప్పుపట్టడానికి కాదని. వాడికి అది తప్పని తెలుసు చిన్నీ. తెలిసే బాబాయి గీత దాటలేదు. ఆ గీత సంగతి చెప్పి పంపింది నేను.

నాకిప్పుడు ఒక్కటే కావాలి. కంపెనీ కాగితంలో 'మర్చిపోయాడు' అన్నది కొట్టేయాలి. కొట్టేయాలంటే మీ ఆయన ఆ గదిలో చెప్పింది బయట రాసివ్వాలి. వేరే దారి లేదట. నీ మొగుణ్ణి అడుగు.

అక్క అని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. వేరేగా అనుకోకు.


మార్చి 29

అక్కా,

అడగాల్సిన పని లేకపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికే ఆయన రాసేశారు. పాప నోటు పుస్తకంలోంచి కాగితం చింపుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టారు. మర్నాడు కంపెనీలో ఇచ్చి వస్తాను అన్నారు. మొహం తేటగా ఉంది. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నారు.

ఆయన స్నానానికి వెళ్ళగానే నేను ఆ కాగితం చింపేశాను. చిన్న ముక్కలు చేసి సింకులో నీళ్ళు వదిలాను. ఆయన వచ్చి చూశారు. మళ్ళీ రాస్తారేమో అని ఇల్లంతా పెన్నులు దాచాను. మళ్ళీ రాయలేదు. ఆయన మళ్ళీ మాట్లాడటం మానేశారు, ఈసారి నా వల్ల.

నన్ను తిట్టు. పిట్ట అన్నం తిన్న బల్ల మీదే వాడి మాట నేను చింపేశాను, నాకు తెలుసు. కానీ ఆయన జైలుకి పోతే పాప చదువేం కావాలి? నా జీతంతో ఈ ఇంటి అద్దె కూడా గడవదు. అంతకన్నా నాకు ఇంకో భయముంది. ఆయన మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తుంటారక్కా. జైల్లో ఆయన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి పంపలేను. ఈ మాట నీతో అనకూడదు. అనేశాను.

ఏప్రిల్ ఏడున సంతకాలట. కాగితంలో ఏముండాలో నువ్వే చెప్పు. నువ్వు పట్టుబడితే ఆయన ఆ గదిలోనే మళ్ళీ రాసిస్తారు, నాకు తెలుసు. పట్టుబట్టకు అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చిన్ని


ఏప్రిల్ 10

చిన్నీ,

మధ్యవర్తిగారి పద్ధతిలోనే రాస్తాను. ముందు నీ మాట తిరిగి చెప్తాను. నా కొడుకు పేరు చెడితే చెడింది, నీ మొగుడు బతికుండాలి. నీ కూతురికి తండ్రి ఉండాలి. దానికోసం నన్ను నోరు మూసుకోమన్నావు. అదే కదా నువ్వన్నది?

ఇక నా మాట.

సంతకం పెట్టాను. తప్పెవరిదో తేల్చకుండా ఇరుపక్షాలూ రాజీపడ్డాయి అని రాసుకున్నారు. 'అబ్బాయి తాళం మర్చిపోలేదు' అని ఒక్క వాక్యం పెట్టమని అడిగాను. ఎవరి పేరూ వద్దు, ఆ ఒక్కటీ పెట్టండి అన్నాను. కంపెనీవాడు కుదరదన్నాడు. మధ్యవర్తిగారు అతన్ని పక్కగదికి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, నా చేతనైనంత చేశానమ్మా అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీ ఆయన లేచి నిలబడి నోరు తెరవబోయాడు. నేనే కూర్చోమన్నాను. గదిలో అందరికంటే ముందు నేను సంతకం పెట్టాను, అతనికి మాట్లాడే వ్యవధి లేకుండా. నువ్వు పెన్నులు దాచిన దానికి నా వంతు సాయం అది. కంపెనీ కాగితాల్లో నా కొడుకు ఎప్పటికీ మతిమరుపువాడే.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడం లేదు. నీ స్థానంలో ఉంటే నేనూ చింపేదాన్ని. ఆ సంగతి తెలిసి కూడా నీ మొహం చూడాలని లేదు. ఈ రెండూ నిజమే.

దీనితో పాటు చిన్న పార్సిల్ పంపుతున్నాను. పిట్ట తాళం. నొక్కి మూసేశాను. దారం తెంపి చెవి నేను ఉంచుకున్నాను. మీ వీధి తలుపు పక్కన, వాడి చెప్పుల పైన మేకు ఉంది కదా, దానికి తగిలించు. రోజూ వస్తూ పోతూ మీ ఇద్దరికీ కనబడాలి.

తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే అని ఆ ఆఫీసరు నాకు నేర్పాడు. నేనింకా లోపలే ఉన్నాను చిన్నీ. ఫోను చెయ్యకు, రాయకు, రాకు. పెద్దమ్మ ఎప్పుడైనా చెప్తుంది, మీ అక్క బాగానే ఉంది, పనికి పోతోంది, నవ్వుతోంది కూడా అని. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ కనిపించినా నమ్మొద్దని ఈసారి మీ ఆయనకి చెప్పు. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. బయటికి రావడమంటూ ఉంటే నేనే వచ్చి నా చేత్తో తీస్తాను. రాకపోతే దాన్నలాగే ఉండనీ.

పాపకి బూట్లు చిన్నవైపోయి ఉంటాయి, కొత్తవి కొను.

అక్క